అరకు దారిలో సైకిలు బిడారు

సంక్రాంతి సెలవులు సమీపించగానే మన కళాశాల ఆవరణలో రెండు ప్రశ్నలు వినవస్తాయి. "అరకుకు సైకిళ్లపై ఎప్పుడు బయలుదేరుదాం?" అన్నది విద్యార్థుల ప్రశ్న. "దారిలో ఏమైనా జరిగితే బాధ్యులెవరు?" అన్నది కళాశాల సంఘంవారి ప్రశ్న. రెండవ ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం దొరికిన తరువాతనే మొదటి ప్రశ్నకు తేదీ నిర్ణయించడం ఉచితమని మా అభిప్రాయం. ఆ సమాధానం ఎట్లుండవలెనో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒంటరిగా పోయే సైకిలు యాత్రికుని విషయం వేరు. అతడు తన చలిని తాను భరిస్తాడు, తన అలసట తనకు తెలుస్తుంది, ఆగవలెననుకొన్నచోట ఆగుతాడు. పదిమందిని వెంట తీసుకొని పోయేవాడు మాత్రం ఇతరుల చలిని తెలుసుకోవలసి ఉన్నది. ఇతరుల చలి కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. శీతకాలపు యాత్రలో నాయకత్వమంతా ఈ ఒక్క చిక్కులోనే ఇమిడి ఉన్నది.

దారి స్వభావం

విశాఖపట్టణం నుండి అరకు లోయకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలసల మీదుగా శృంగవరపుకోట వరకు దారి దాదాపు సమతలం. అరటి, కొబ్బరి, మామిడి తోటల నడుమ సాగే ఈ మొదటి భాగంలో ఎవరికీ కష్టం తోచదు. బృందంలోని అత్యుత్సాహవంతులు తమ బలాన్ని దుర్వినియోగం చేసేది కూడ ఇక్కడనే. శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరేసరికి కొండలు ఎదురవుతాయి. అక్కడినుండి కాశీపట్నం, టైడా, డముకు, అనంతగిరి ప్రాంతాల మీదుగా ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ గాలికొండ పరిసరాలలో వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తుకు చేరుతుంది. ఆపైన సుంకరమెట్ట మీదుగా, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరిగే కాఫీ తోటలను, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియాల తీగెలను చూస్తూ లోయలోనికి దిగుతాము. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన నాటినుండి ఈ లోయ పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

ఈ దారికి తోడుగా మరొక దారి ఉన్నది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే నిమిత్తం 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమది. శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు — ఈ స్టేషన్లన్నీ దానిమీదనే ఉన్నవి. యాత్రా నాయకుడు బయలుదేరుటకు ముందే ఆ మార్గంలోని రైళ్ల వేళలు వ్రాసి పెట్టుకొనవలెను. జబ్బు చేసినవానిని, సైకిలు విరిగినవానిని క్షేమంగా దింపుటకు రైలు ఉపయోగపడుతుంది. అయితే దినమంతటిలో ప్రయాణికుల బండ్లు కొద్దిపాటివే కనుక ఏ వేళకు ఏ స్టేషను చేరగలమో ముందే లెక్క చూచుకోవలెను.

చలి ఎక్కడ పొంచి ఉంటుంది

ఎత్తుకు పోయిన కొలది గాలి చల్లబడుతుందని పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఆ లెక్కన తీరంలో తెల్లవారుజామున 17 డిగ్రీలున్నప్పుడు అరకులో 11 ఉండవలెను. కాని పుష్యమాసంలో అంతకన్న ఎంతో తక్కువ ఉండడం మామూలే. దీనికి కారణం లోయ ఆకారం. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోనికి వదిలివేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కి, కొండవాలు వెంట నీటివలె జారి లోయ అడుగున నిలుస్తుంది. కావున తెల్లవారుజామున కొండవాలుకన్న లోయ అడుగే ఎక్కువ చల్లగా ఉండవచ్చును. చింతపల్లి మండలంలోని లంబసింగి చలికి పేరుపొందడంలో కూడ ఈ సూత్రానికి పాత్ర ఉన్నది. బసను ఎన్నుకొనేటప్పుడు వాగు ఒడ్డునో, పొలాల నడుమనో కాక కొంచెం మెరక మీద, గాలి తగలని గోడల నడుమ ఎన్నుకొనవలెననడానికి హేతువు ఇదే.

రెండవది గాలి. నిలిచి ఉన్నప్పుడు మన శరీరం తన చుట్టూ పలుచని వెచ్చని గాలిపొరను నిలుపుకొంటుంది. సైకిలు వేగం ఆ పొరను ఊడ్చివేస్తుంది. శాస్త్రజ్ఞులు దీనికి ఒక సూచికను తయారు చేసినారు. దాని ప్రకారం ఉష్ణోగ్రత 8 డిగ్రీలున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి తగిలిన యెడల, ఆ చలి బట్టలేని చర్మానికి 4 డిగ్రీలుగా తోస్తుంది; 5 డిగ్రీలున్నప్పుడు సున్నాగా తోస్తుంది. ఘాట్ రోడ్డు దిగే సైకిలు తన గాలిని తానే పుట్టించుకొంటుంది కనుక, చెట్ల ఆకు కదలని నిశ్చలమైన ఉదయాన కూడ దిగేవానికి ఈ బాధ తప్పదు.

మూడవది చెమట. ఇది చాలమంది ఊహకు అందని శత్రువు. ఘాట్ ఎక్కేటప్పుడు చలి తెలియదు, పైగా ఉక్కపోస్తుంది. స్వెట్టరు వేసుకొని ఎక్కినవాడు శిఖరం చేరేసరికి లోపలి బనియను పిండితే నీరు కారే స్థితిలో ఉంటాడు. ఆ తడిబట్టతో గాలికొండ మలుపు వద్ద నిలిచి ప్రకృతి సౌందర్యాన్ని చూస్తూ పావుగంట గడిపితే, ఎక్కేటప్పుడు సంపాదించిన వేడి అంతయు పోతుంది. నూలుబట్ట తడిని విడువదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుతుంది. కనుక నియమం ఇది: పలుచని బట్టతో ఎక్కవలెను; ఆగిన వెంటనే, చెమట చల్లారకముందే, పొడిబనియను మార్చి ఉన్ని వేసుకొనవలెను. ఆగిన తరువాత చలి వేసినప్పుడు వేసుకొందామనుకొనడం ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వడం వంటిది.

బిడారు క్రమం

వర్తకులు గుంపుగా సాగే ప్రయాణానికి తెలుగులో బిడారు అని పేరు. ఉర్దూలో కారవాన్ అంటారు. దానిని నడిపేవాడు సాలార్. బలహీనుడే బాటసారుల దండుకు అధిపతి అని ఒక పాత అరబ్బీ నానుడి ఉన్నది. దండు ఎంత వేగంతో నడవవలెనో, ఎక్కడ దిగవలెనో నిర్ణయించేది అందరిలోను బలహీనుని శక్తియే అని దాని భావం. ఎడారి దారులకు చెప్పిన ఈ మాట తూర్పు కనుమలకు కూడ అక్షరాల వర్తిస్తుంది.

ఆధునిక కాలంలో సైకిలు సంఘాలవారు ఈ సూత్రాన్ని వేరొక విధంగా కనుగొన్నారు. టూర్ డి ఫ్రాన్స్ పందెమును 1903లో ఆరంభించిన ఆన్రీ దెగ్రాంజ్ అనే పత్రికా సంపాదకుడే మరుసటి సంవత్సరం, 1904లో, పందెము కాని ఒక సుదీర్ఘయాత్రా పద్ధతికి ఫ్రాన్సులో పాదు వేసినాడు. దానికి ఓడాక్స్ అని పేరు. అందులో ఎవరూ ఎవరినీ దాటిపోరు. దారి నాయకుడు నిర్ణయించిన సమవేగంతో బృందమంతా కలిసి సాగుతుంది. నేటికీ ఆ వేగం గంటకు 22.5 కిలోమీటర్లు. పందెములో ముందు చేరినవాడు గెలుస్తాడు. ఇట్టి యాత్రలో చివరివాడు చేరినప్పుడే బృందం చేరినట్లు. ఒకే వ్యక్తి ఈ రెండు పద్ధతులను ప్రోత్సహించడం ఆలోచింపదగిన విషయం.

మన రోడ్లకు, మన సైకిళ్లకు ఆ వేగం పనికిరాదు. ఆ క్రమం మాత్రం పనికివస్తుంది. మేము అనుసరించే పద్ధతి ఇది. పన్నెండుమందికి మించకుండ బృందం ఉండవలెను. వారిని ఆరుగురు చొప్పున రెండు జట్లుగా విభజించి, లారీలు, బస్సులు దాటిపోవుటకు వీలుగా జట్టుకు జట్టుకు మధ్య వంద మీటర్ల ఎడం విడువవలెను. జట్టులో అందరూ ఒకరి వెనుక ఒకరు, రోడ్డు ఎడమ అంచున సాగవలెను. ఇద్దరు ప్రక్క ప్రక్కన కబుర్లాడుతూ పోవడం ఘాట్‌లో నిషిద్ధం. ముందుండే విద్యార్థి దారి తెలిసినవాడు, శాంతస్వభావుడు కావలెను. బలశాలి కానవసరం లేదు. అందరికన్న బలశాలిని, సైకిలు మరమ్మతు ఎరిగినవానిని చిట్టచివర ఉంచవలెను. అతని క్యారియరు మీద పంపు, రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను, పానా, అదనపు బ్రేకు రబ్బర్లు, చికిత్స పెట్టె ఉంటాయి. అతడు ఎవ్వరినీ దాటరాదు. యాత్రా నాయకుడైన అధ్యాపకుని చోటు కూడ చివరనే. ముందు నిలిచి చెయ్యి ఊపుతూ దారిచూపే నాయకుడు చూడముచ్చటగా ఉంటాడు గాని, అతని వెనుక ఏమి జరుగుతున్నదో అతనికే తెలియదు.

ప్రతి గంటకు ఒకసారి ఆగి తలలు లెక్కించవలెను. చీలిన దారి, వంతెన, ఊరు వచ్చినప్పుడు ముందువాడు ఆగి, చివరివాడు కనిపించేవరకు కదలరాదు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. సాధారణంగా చివరివాడు చేరగానే, అప్పటికే విశ్రాంతి పొందినవారు సైకిళ్లెక్కి బయలుదేరుతారు. ఫలితంగా ఎక్కువ అలసినవానికి తక్కువ విశ్రాంతి, తక్కువ అలసినవానికి ఎక్కువ విశ్రాంతి లభిస్తుంది. చివరివాడు చేరిన క్షణం నుండే విశ్రాంతికాలాన్ని లెక్కించవలెను. నాయకుడు ఈ ఒక్క నియమాన్ని పాటించినా సగం బృందం అతనికి కృతజ్ఞతతో ఉంటుంది.

కాలం, ఆహారం

జనవరి మొదటి వారంలో ఇక్కడ సూర్యోదయం ఉదయం ఆరున్నర ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంకాలం ఐదున్నర దాటిన కొద్దిసేపటికి జరుగుతుంది. కొండల చాటున వెలుగు ఇంకా ముందే తగ్గుతుంది. అనగా చేతికి దక్కేది పట్టుమని పదిగంటల వెలుగు. కావున విశాఖ నుండి అరకుకు ఒకే దినాన చేరవలెనన్న పట్టుదల విద్యార్థి బృందానికి తగదు. మొదటి దినం శృంగవరపుకోటలో బస. రెండవ దినం ఘాట్ ఎక్కుట. మూడవ దినం అరకులో విశ్రాంతి, సందర్శనం. నాలుగవ దినం దిగుట — ఈ ప్రణాళిక సర్వశ్రేయస్కరం.

రెండవ దినాన వెనుదిరిగే వేళను శృంగవరపుకోటలోనే, అందరూ వినగా, ప్రకటించవలెను. మధ్యాహ్నం ఒంటిగంటకు బృందంలోని చివరివాడు అనంతగిరి చేరని యెడల ఆనాటికి అరకు లేదు, అనంతగిరిలోనే బస. ఈ నిర్ణయం ఉదయమే జరగవలెనని ఎందుకంటున్నామంటే, మధ్యాహ్నం అలసిన మనస్సు సత్యాన్ని అంగీకరించదు. "ఇంకెంత, ఈ మలుపు దాటితే అయిపోయె" అంటుంది. కొండదారిలో ఆ మలుపు వెనుక మరొక మలుపు ఉంటుంది.

ఎక్కుటకు కావలసిన శక్తిని లెక్కకట్టి చూద్దాం. సైకిలుతో కలిసి 80 కిలోల బరువును వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చవలెనన్న సుమారు 8 లక్షల జౌళ్ల పని జరగవలెను. తిన్న ఆహారశక్తిలో నాలుగవ వంతుకు మించి మన కండరాలు పనిగా మార్చలేవు. కనుక ఎత్తు ఎక్కుటకే 750 కిలోకేలరీలకు తక్కువ కాని ఆహారం వ్యయమవుతుంది. దూరం లెక్క దీనికి అదనం. వంద గ్రాముల వేరుశనగపప్పులో 550 కిలోకేలరీలకు పైగా ఉన్నవి. బెల్లం, వేరుశనగపప్పు, అరటిపండ్లు, ఉడికించిన గ్రుడ్లు చాలును. ఖరీదైన డబ్బా తిండ్లు అక్కరలేదు. కొండ ఊళ్లలో లభించే వేడి చోడి అంబలి ఈ శ్రమకు తగిన ఆహారం. చలిలో దాహం తెలియదు గాని చెమట రూపాన, ఊపిరి రూపాన నీరు పోతూనే ఉంటుంది. కనుక గంట గంటకు ఆగినప్పుడు దాహం ఉన్నా లేకున్నా అందరూ నీరు త్రాగునట్లు చూడవలెను.

గేర్లు లేని సైకిళ్లవారు ఘాట్‌లో చాలభాగం దిగి నడిపించుకొనవలసి ఉంటుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు. గేర్ల సైకిలు గలవారు గంటకు ఆరేడు కిలోమీటర్లు ఎక్కితే, నడిచేవాడు నాలుగు నడుస్తాడు. వ్యత్యాసం అంతమాత్రమే.

దిగుటలోనే అపాయం

ఎక్కుట కష్టం, దిగుట సుఖం అని లోకులు భావిస్తారు. శీతకాలపు ఘాట్ రోడ్డు విషయంలో ఎక్కుట కష్టమే గాని అపాయం కాదు. దిగుట సుఖంగా తోచే అపాయం. 2021 ఫిబ్రవరిలో అరకు చూచి తిరిగివస్తున్న పర్యాటకుల బస్సు డముకు సమీపంలో లోయలో పడి నలుగురు మరణించినారు. ఆ దారి ఎట్టిదో ఇంతకన్న వివరించనక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాలలో ఇంగ్లండులోని సైకిలు సంఘాలవారు నిటారైన దిగుళ్ల వద్ద హెచ్చరిక పలకలను తమ స్వంత ఖర్చుతో నాటినారు. మోటారు కార్లు రోడ్డెక్కుటకు ముందే కొండ దిగుడు అపాయాన్ని గుర్తించినవాడు సైకిలువాడే అన్నమాట.

పై లెక్కనే తలక్రిందులు చేసి చూడండి. వెయ్యి మీటర్లు దిగేటప్పుడు అదే 8 లక్షల జౌళ్ల శక్తి బయటికి రావలెను. అందులో కొంత గాలి ఒరిపిడికి పోగా మిగిలినదంతయు బ్రేకుల వద్ద వేడిగా మారుతుంది. మొత్తం శక్తి ఎంతటిదంటే, రెండున్నర లీటర్ల నీటిని మరిగించుటకు సరిపోతుంది. అట్టి వేడిని అరచేతిలో సగం లేని నాలుగు రబ్బరు ముక్కలు భరించవలెను. అరిగిన రబ్బరుతో, పుల్లలు వదులైన చక్రంతో, ఒకే బ్రేకు పనిచేసే సైకిలుతో ఘాట్‌లో అడుగుపెట్టనీయకపోవడం నాయకుని మొదటి కర్తవ్యం. రిమ్ము తడిసి ఉన్నప్పుడు, ముఖ్యంగా ఇనుప రిమ్ముల మీద, బ్రేకు పట్టు ఎంతో తగ్గుతుంది. మంచు కురిసిన ఉదయాన రిమ్ము తడిగా, రోడ్డు తడిగా, మలుపులలో రాలిన ఆకులు తడిగా ఉంటాయి. అందుచేత ఎండ వచ్చి పొగమంచు విచ్చేవరకు, అది తొమ్మిది గంటలైనను పదియైనను, దిగుట ఆరంభించరాదు.

దిగేటప్పుడు సైకిలుకు సైకిలుకు ముప్పై మీటర్ల ఎడం ఉండవలెను. వేగం పుంజుకొన్న తరువాత బ్రేకు పట్టడం కాదు, వేగం పుంజుకొననీయకుండ రెండు బ్రేకులను సమంగా పడుతూ విడుస్తూ సాగవలెను. మలుపులో కాక, మలుపుకు ముందే వేగం తగ్గించవలెను. రెండు మూడు కిలోమీటర్లకొకసారి దిగి, రిమ్ములు చల్లారనిచ్చి, అందరి చేతులను పరీక్షించవలెను.

చేతుల పరీక్ష అంటున్నాము. అది అతి ముఖ్యమైనది. కాళ్లు ఆడని సమయంలో శరీరంలో వేడి పుట్టదు. ఎదురుగాలికి మొదట చచ్చుబడేవి వ్రేళ్లు. బ్రేకు పట్టుకొన్నానో లేదో తెలియని చేతులతో ఘాట్ దిగుట కళ్లకు గంతలు కట్టుకొని దిగుటతో సమానం. కనుక ఆగిన ప్రతిచోట ప్రతివాడును తన బొటనవ్రేలిని చిటికెనవ్రేలికి తాకించి చూపవలెను. తాకించలేనివాడు చేతులు చంకలలో పెట్టుకొని, అవి వెచ్చబడేవరకు కదలరాదు. చచ్చుబడిన వ్రేళ్లను నెగడుకు దగ్గరగా పెట్టరాదు. స్పర్శ తెలియని చర్మం కాలినను తెలియదు. గట్టిగా రుద్దడం కూడ తగదు.

ఛాతీకి గాలి తగలకుండ చొక్కా లోపల వార్తాపత్రికను మడిచి పెట్టుకొనడం చిరకాలంగా ఉన్న ఉపాయం. ఆల్ప్స్ కొండలు దిగే టూర్ డి ఫ్రాన్స్ వీరులు కూడ ఇదే చేసేవారు. ఖరీదైన కోటు కొనలేని విద్యార్థికి నిన్నటి దినపత్రిక అంతటి ఉపకారం చేయగలదు.

చెప్పుకోలేని చలి

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్న తగ్గిన యెడల వైద్యులు దానిని ప్రమాదస్థితిగా పరిగణిస్తారు. మంచు పడే దేశాలలోనే ఇది సంభవిస్తుందనుకొనరాదు. తడిబట్ట, గాలి, అలసట, ఆకలి కలిసిన యెడల పది డిగ్రీల వద్ద కూడ సంభవించవచ్చును. మొదట వణుకు పుడుతుంది. పిదప మాట తడబడుతుంది, అడుగు తడబడుతుంది, చిన్న ముడి కూడ వేయలేడు, కారణం లేకుండ విసుగుకొంటాడు లేదా మౌనం వహిస్తాడు. వణుకు ఆగిపోవడం మంచి సూచన కాదు. శరీరం ఓడిపోతున్నదనడానికి గుర్తు. అట్టివానిని గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు విప్పి, పొడిబట్టలు, కంబళి కప్పి, తెలివిగా ఉన్న యెడల వేడి తీపి టీ త్రాగించి, 108కి కబురు చేయవలెను. ఘాట్‌లో అన్ని మలుపులలోను సెల్‌ఫోను అందదు కనుక, అందే చోట్లను ఎక్కేటప్పుడే గుర్తించి ఉంచవలెను. శృంగవరపుకోటలోను, అరకులోను ప్రభుత్వ ఆసుపత్రులున్నవి.

ఈ లక్షణాలలో మౌనాన్ని గురించి మరికొంత చెప్పవలసి ఉన్నది. మేము గమనించినంతవరకు మన విద్యార్థులు పంక్చరైతే వెంటనే కేక వేస్తారు. ఆకలైతే నవ్వుతూ చెబుతారు. చలి వేస్తున్నదని మాత్రం చెప్పరు. ఒక యాత్రలో ఒక విద్యార్థి ప్రతి మజిలీలోను నెగడుకు అందరికన్న దగ్గరగా కూర్చుండి, బయలుదేరే వేళ అందరికన్న ముందు లేచి నిలిచేవాడు. స్వెట్టరు ఏదని అడిగితే "సంచీలో ఉన్నదండీ, నాకు చలి వేయదు" అన్నాడు. సంచీలో స్వెట్టరు లేదు. అతని ఇంట స్వెట్టరు ఒక్కటే ఉన్నది. దానిని తమ్మునికి విడిచి వచ్చినాడు. ఈ సంగతి అతని నోట రాలేదు. ప్రక్కన పండుకొన్న స్నేహితుని ద్వారా తెలిసినది. ఆ రాత్రి ఇద్దరూ ఒకే కంబళిలో పండుకొన్నారు.

ఆ విద్యార్థి అబద్ధమాడలేదని మేము భావిస్తున్నాము. అతడు తన ఇంటి మర్యాదను కాపాడుకొన్నాడు. ఇట్టివారు ప్రతి బృందంలోను ఒకరిద్దరైనా ఉంటారు. "చలి వేసేవారు చేతులెత్తండి" అని అడిగితే వారి చెయ్యి లేవదు. "ఉన్ని చొక్కా, చేతి తొడుగులు ఎవరికి వారు తెచ్చుకొనవలెను" అని నోటీసు పెడితే వారు పేరు ఇవ్వరు, లేదా ఉన్నవని చెప్పి వస్తారు. కావున నాయకుడు అడిగి తెలుసుకొనడంకన్న, అడగనక్కరలేని ఏర్పాటు చేయడం మేలు. చేతుల పరీక్ష అందరికీ. బనియను మార్పు అందరికీ. చొక్కాలో వార్తాపత్రిక అధ్యాపకునితో సహా అందరికీ. అందరూ చేసే పనిలో ఎవరి లేమియు బయటపడదు. ఆగుదామని ఎవరు అన్నను, కారణం అడగకుండ బృందం ఆగవలెనన్న నియమం కూడ మొదటి దినాననే చేయవలెను.

దారిలోని మనుష్యులు

చలిని జయించడం మనకు నాలుగు దినాల వినోదం; కొండవాసులకు నిత్యజీవితం. కొండదొర, బగత, వాల్మీకి, పోర్జ, గదబ, కోటియ మొదలైన గిరిజన ప్రజలు తెల్లవారక మునుపే పసుపు, రాజ్‌మా, మిరియాలు, కాయగూరలు నెత్తిన పెట్టుకొని, కావడి వేసుకొని సంతకు నడుస్తుంటారు. పొగమంచులో చప్పుడు లేకుండ దిగివచ్చే సైకిలు, నెత్తిన బరువున్న స్త్రీకి లారీకన్న ప్రమాదకరం. లారీ చప్పుడైనా వినిపిస్తుంది. వారు కనిపించగానే బెల్లు కొట్టి వేగం తగ్గించవలెను. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినదని గర్వంగా చెప్పుకొంటాము. ఆ పండ్లు కోసే చేతులు ఇవే, ఈ చలిలోనే. తోటలలో దిగి కొమ్మలు విరవడం, అనుమతి లేకుండ ఛాయాచిత్రాలు తీయడం, థింసా నృత్యాన్ని ఎగతాళిగా అనుకరించడం విద్యావంతులకు తగదు.

సంఘంవారికి విన్నపం

ఇట్టి యాత్రలను అపాయమని మానివేయడం సులభమైన మార్గం. కాని పదిమందిలో ఒకడై, తనకన్న బలహీనుని కొరకు వేగం తగ్గించుకొని నాలుగు దినాలు గడపడంలో ఉన్న విద్య తరగతి గదిలో లభించదు. అపాయాన్ని తగ్గించే వస్తువులు ఎక్కువ ఖరీదైనవి కావు. పన్నెండు జతల ఉన్ని చేతి తొడుగులు, పన్నెండు స్వెట్టర్లు, ఆరు కంబళ్లు, ముందువెనుకల దీపాలు, బ్రేకు రబ్బర్లు, ఒక పంపు, ఒక చికిత్స పెట్టె — వీనిని కళాశాల సొత్తుగా ఒక పెట్టెలో ఉంచి, బయలుదేరే ఉదయాన ఉన్నవారికి, లేనివారికి భేదం లేకుండ అందరికీ ఇవ్వవలెనని, తిరిగివచ్చిన తరువాత ఉతికించి మరల పెట్టెలో పెట్టించవలెనని మా సూచన. దానికి తోడు ప్రతి సైకిలును ముందురోజు ఒక మేస్త్రీ చేత పరీక్ష చేయించి, రెండు బ్రేకులు సరిగా ఉన్నవని వ్రాయించుకొన్న తరువాతనే అనుమతి పత్రంపై సంతకం జరగవలెను.

బాధ్యులెవరని సంఘంవారు అడిగినప్పుడు, బృందం చివర సైకిలు తొక్కే అధ్యాపకుడని మేము చెప్పగలము. అతని చేతికి ఆ పెట్టె తాళంచెవిని కూడ ఇవ్వవలెనని కోరుతున్నాము.